చవక రైడింగ్ మోవర్ సరిపోతుందా, ఖరీదైనది కావాలా: ఎకరం యార్డు ఉన్నవాళ్లు ఎలా తేల్చుకోవాలి

అట్లాంటాకు ఉత్తరాన, కమింగ్ దగ్గర మేం ఇల్లు తీసుకున్నప్పుడు ఇంటికన్నా ఎక్కువ మురిపించింది వెనకున్న యార్డు. లాటు మొత్తం ఎకరం ముప్పాతిక. మన లెక్కలో 70 గుంటలు. మొదటి వేసవిలో నెట్టుకుంటూ కోసే చిన్న మోవర్‌తో మొదలుపెట్టాను. మూడు వారాలకే నడుం పట్టేసింది. ఒక పెద్ద దుకాణం ముందు వరసగా నిలబెట్టిన, మీద కూర్చుని నడిపే రైడింగ్ మోవర్లలో అన్నిటికన్నా తక్కువ ధరది చూసి తెచ్చుకున్నాను. నాలుగో ఏడు వెనకవైపు వాలు మీద మట్టి తొట్టి లాగుతుంటే అది మధ్యలో ఆగిపోయింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది, చక్రాలు కదలడం లేదు. ఇంజిన్ బలాన్ని చక్రాలకు అందించే ట్రాన్స్‌మిషన్ పోయిందన్నారు. కొత్తది వేయడానికి కూలీతో కలిపి చెప్పిన బిల్లు బండి కొన్న ధరలో సగం దాటింది.

ఆ తర్వాత రెండో బండి కొనేముందు చాలా తిరిగాను. డీలర్ల దగ్గర, రిపేర్ షెడ్లలో, తెలిసినవాళ్ల గ్యారేజీల్లో సీట్లు ఎత్తి చూశాను. అలా తెలుసుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. చవకది కొనడమే తప్పని నేను చెప్పను. నా యార్డుకు అది సరిపోలేదు, అంతే. మా వీధి చివర చదునైన ఎకరం ఉన్న మిత్రుడు అలాంటి బండినే తొమ్మిదేళ్లుగా హాయిగా వాడుతున్నాడు. కాబట్టి దుకాణానికి వెళ్లేముందు మీ యార్డులోనే చేయాల్సిన పని కొంత ఉంది.

1. ముందు గడ్డి ఎంతుందో, ఏడాదికి ఎన్ని గంటలు కోస్తారో లెక్కేయండి

లాటు ఎంతో ఇంటి కాగితాల్లో ఉంటుంది. మనకు కావాల్సింది అది కాదు, అందులో గడ్డి ఎంతన్నది. ఇల్లు, డ్రైవ్‌వే, చెట్ల కింది భాగం, మడులు తీసేయండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ బొమ్మ మీద కొలిస్తే పది నిమిషాల్లో తేలుతుంది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు, మన 4,840 గజాలు. నా 70 గుంటల్లో కోయాల్సిన గడ్డి 50 గుంటలే అని తేలింది. అంటే ఎకరంపావు.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకు నడిచే మైళ్లను డెక్ (బండి కింద బ్లేడ్లు తిరిగే పెట్టె) వెడల్పు అంగుళాలతో గుణించి 99తో భాగిస్తే గంటకు ఎన్ని ఎకరాలు కోయగలమో వస్తుంది. 42 అంగుళాల డెక్‌తో గంటకు 4 మైళ్ల వేగంతో నడిపితే 168ని 99తో భాగించాలి. దాదాపు 1.7 ఎకరాలు. మలుపులు, చెట్ల చుట్టూ తిరగడం, ఒక వరస మీద ఇంకో వరస కాస్త ఎక్కించి కోయడం వీటికి ఐదో వంతు తీసేయండి. గంటకు 1.3 ఎకరాల పైన మిగులుతుంది. అంటే నాకు వారానికి గంట లోపే పని.

జార్జియాలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా కోత ఉంటుంది. 30 కోతలు అనుకుంటే ఏడాదికి 30 గంటలు, పదేళ్లకు 300 గంటలు. అదే మీకు మూడెకరాల గడ్డి ఉంటే అదే డెక్‌తో ఏడాదికి 65, 70 గంటలవుతుంది. పదేళ్లకు 700. ఈ ఒక్క అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి. దుకాణంలో ఎవరూ దీన్ని అడగరు, కానీ తర్వాత దీనితో చాలా పని ఉంది.

2. వాలు కొలవండి. ఇక్కడ తొందర పడొద్దు

నేను చేయని పని ఇదే. కంటికి మామూలుగా కనిపించే వాలు కొలిస్తే భయపెడుతుంది. ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ ఉంటుంది. పొడవాటి తిన్నని చెక్కను వాలు మీద పెట్టి, దాని మీద ఫోన్ పెట్టండి. ఎన్ని డిగ్రీలో చూపిస్తుంది. యార్డులో అన్నిటికన్నా నిటారుగా ఉన్న నాలుగైదు చోట్ల ఇలా కొలవండి.

రైడింగ్ మోవర్ల మాన్యువళ్లలో మామూలుగా కనిపించే హద్దు 15 డిగ్రీలు. అంటే అడ్డంగా 10 అడుగులు వెళ్తే ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు పెరిగే వాలు. ఉన్నచోటే తిరిగే జీరో టర్న్ రకం బండ్లలో కొన్నిటికి ఇంకా తక్కువే రాసి ఉంటుంది. ఆ హద్దు దాటిన చోట ఏ రైడింగ్ మోవరూ వద్దు, ఎంత ఖరీదైనదైనా సరే. అక్కడ చిన్న మోవర్‌తో నడిచి కోయండి, లేదా గడ్డి తీసేసి పొదలు వేయండి. మా వాగు పక్క 18 డిగ్రీలు వచ్చిన చోట ఇప్పుడు జూనిపర్ పొదలున్నాయి.

వాలు 5 డిగ్రీల లోపుంటే చవక బండికి పెద్దగా కష్టం ఉండదు. 8, 10 డిగ్రీల వాలును ప్రతి వారం ఎక్కిదిగుతుంటే మాత్రం ట్రాన్స్‌మిషన్ మీద భారం పడుతుంది. అది వేడెక్కుతుంది. దాన్ని చంపేది ఆ వేడే.

3. కోయడం కాక ఇంకేం చేయిస్తారు?

చాలామంది బండి కొన్న నెలకే వెనక తొట్టి తగిలిస్తారు. ఆకులు, ఎరువు బస్తాలు, మొక్కల మొదట్లో పరిచే మల్చ్ మోయడానికి బాగానే ఉంటుంది. చదును నేల మీద ఇవన్నీ స్టీరింగ్ ఉన్న మామూలు లాన్ ట్రాక్టర్ లాగుతుంది. కానీ తడి మట్టి, కంకర నింపి వాలు ఎక్కించడం వేరే పని. కూరగాయల మడికి నేల దున్నాలి, రోటరీ టిల్లర్ తగిలించాలి అనుకుంటే లాన్ ట్రాక్టర్ వైపు చూడనే వద్దు. వాటి మాన్యువల్‌లోనే నేలలోకి దిగే పనిముట్లు తగిలించొద్దని ఉంటుంది. ఆ పనికి గార్డెన్ ట్రాక్టర్ కావాలి. బరువైన ఫ్రేము, పెద్ద వెనక చక్రాలు, దున్నడానికి తట్టుకునే ట్రాన్స్‌మిషన్ దానికి ఉంటాయి.

మన వాళ్లలో చాలామంది దొండ, బీర, గోంగూర, మిర్చి వేయకుండా ఉండలేరు. అర గుంట మడి కోసం పదివేల డాలర్ల బండి కొనక్కర్లేదు. ఏడాదికోసారి టిల్లర్ అద్దెకు తెచ్చుకుంటే ఆ పని అయిపోతుంది. ఈ లెక్క ముందే వేసుకోండి.

4. ఏ రకం బండి?

స్టీరింగ్ ఉన్న లాన్ ట్రాక్టరా, రెండు చేతికర్రలతో తిప్పే జీరో టర్నా అన్నదే అసలు ప్రశ్న. చెట్లు, మడులు, ఉయ్యాల, ట్రాంపొలిన్ లాంటి అడ్డంకులు ఎక్కువగా ఉన్న చదును యార్డులో జీరో టర్న్ పని బాగా తగ్గిస్తుంది. ఉన్నచోటే తిరుగుతుంది, చెట్టు మొదట్లో ట్రిమ్మర్‌తో చేసే పని తగ్గుతుంది.

వాలులో మాత్రం దానికో పెద్ద బలహీనత ఉంది. ముందు చక్రాలు ఊరికే దొర్లేవే, దారి తిప్పేవి కావు. దిశ మార్చేదీ, ఆపేదీ వెనక చక్రాల పట్టే. తడి గడ్డి మీద ఆ పట్టు జారితే బండి మీ చేతిలో ఉండదు, కిందికి జారుతుంది. కింద చెరువో, రాతి గోడో, వాగో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వాలు, దాని కింద నీళ్లు ఉన్న యార్డుకు నేనైతే లాన్ ట్రాక్టరే అంటాను. స్టీరింగ్‌తో ముందు చక్రాలను కూడా తిప్పే జీరో టర్న్‌లు వచ్చాయి, అవి కాస్త నయం.

డెక్ వెడల్పు విషయంలో ఒకే సలహా: ముందు కంచె గేటు కొలవండి. 42 అంగుళాల డెక్ అంటే బండి వెడల్పు 42 కాదు. పక్కన గడ్డి చిమ్మే మూతతో కలిపితే ఇంకా వెడల్పు ఉంటుంది. గేటు 48 అంగుళాలైతే అమ్మే చోటికి టేపు తీసుకెళ్లి కొలుచుకోండి. ఇక ఎత్తుపల్లాల నేల మీద వెడల్పు డెక్ గడ్డను చెక్కేస్తుంది, కాబట్టి పెద్దదే మంచిదని అనుకోవద్దు.

5. సీటు కింద చూడండి: డబ్బు పోయేది అక్కడే

దుకాణంలో రెండు బండ్లు పక్కపక్కన ఉంటాయి. ఒకే రంగు, ఒకే వెడల్పు డెక్, ఇంజిన్ అంకెలు కూడా దగ్గరదగ్గర. ధర మాత్రం ఒకదానిది రెండు వేల డాలర్ల పైచిలుకు, రెండోదానిది ఐదు వేలు. ఆ తేడా బోర్డు మీద కనిపించదు. అందుకే ఈ భాగం మీద ఎక్కువ రాస్తున్నాను.

ముందు ట్రాన్స్‌మిషన్. ఇప్పుడు దాదాపు అన్ని రైడింగ్ మోవర్లలోనూ ఉండేది హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్. గేర్లు మార్చడం ఉండదు. లోపలున్న పంపు నూనెను ఒత్తిడితో తోస్తుంది, ఆ ఒత్తిడికి మోటార్ తిరిగి చక్రాన్ని నడుపుతుంది. పని ఎక్కువైతే నూనె వేడెక్కి పలచబడుతుంది. పలచబడితే ఒత్తిడి నిలవదు, లోపలి భాగాలు అరుగుతాయి. బండి చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, అరగంట తర్వాత వాలు ఎక్కలేకపోవడం దీని మొదటి లక్షణం. నా బండి ఏడాది ముందు నుంచే ఇలా చేస్తూ వచ్చింది. నాకు అప్పుడు తెలియలేదు.

ఈ ట్రాన్స్‌మిషన్లను మోవర్ కంపెనీల్లో చాలావరకు సొంతంగా చేయవు, బయట కొంటాయి. అమెరికాలో ఎక్కువగా కనిపించే పేర్లు రెండు: టెనెసీలోని మోరిస్‌టౌన్ నుంచి వచ్చే టఫ్ టార్క్, ఇల్లినాయ్‌లోని సలివాన్ నుంచి వచ్చే హైడ్రో గేర్. టఫ్ టార్క్‌లో కె46 అనేది తేలికపాటి పనికి చేసినది. చవక లాన్ ట్రాక్టర్లలో ఏళ్లుగా కనిపిస్తున్నది అదే. దాని పైన కె57, కె66, కె72 అంటూ అంకె పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది. జీరో టర్న్‌లలో హైడ్రో గేర్ జడ్‌టీ-2200 తేలిక రకం, 2800, 3100 మధ్య రకం, 3400 నుంచి పైకి కాంట్రాక్టర్ల పనికి.

కె46 చెడ్డది కాదు. చదునైన ఎకరంలో వారానికి గంట నడిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ దానికి నూనె దించుకునే ప్లగ్ ఉండదు. బండి మీద ఉండగానే నూనె మార్చే ఏర్పాటు లేకుండా చేసినది. కె66 లాంటి పై రకాల్లో నూనె, ఫిల్టరు మార్చుకోవచ్చు. వాలు ఉన్నవాళ్లకు నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన తేడా ఇదే. అమ్మేవాణ్ని నేరుగా అడగండి: "ఇందులో ట్రాన్స్‌మిషన్ ఏ మోడల్? నూనె మార్చుకోవచ్చా?" జవాబు తెలియకపోతే, మోడల్ నంబరు రాసుకుని ఇంటికొచ్చి విడిభాగాల జాబితా చూసుకోండి. ఆ రోజే కొనాల్సిన తొందరేం లేదు.

తర్వాత ఫ్రేము, ముందు ఇరుసు. మా నాన్న మధిర దగ్గర మా ఊళ్లో ఇరవై ఏళ్లు ట్రాక్టరుతో దుక్కి దున్నిన మనిషి. మేం రెండో బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన ఇక్కడే ఉన్నారు. నేను సీటు, కప్పు పెట్టుకునే చోటు చూస్తుంటే ఆయన వంగి ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశారు. "ముందు ఇరుసు చూడరా, సోకు తర్వాత చూద్దువుగాని" అన్నారు. చవక బండ్లలో ముందు ఇరుసు మామూలుగా రేకును వంచి చేసినది. పై రకాల్లో పోత ఇనుముది. చక్రం దగ్గర, ఇరుసు మధ్యలో గ్రీజు పెట్టే నిపుల్ ఉందో లేదో చూడండి. గ్రీజు పెట్టుకునే చోటు ఉంటే అరుగుదల మన చేతుల్లో ఉంటుంది.

డెక్ గురించి చాలా గొప్పలు చెబుతారు. రెండు రకాలు: ప్రెస్‌లో అచ్చుగా కొట్టినది, మందపాటి ప్లేట్లు వెల్డింగ్ చేసినది. ఇనుప రేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. 13 గేజ్ అంటే సుమారు 2.3 మిల్లీమీటర్లు, 10 గేజ్ సుమారు 3.4, 7 గేజ్ దాదాపు 4.5. వెల్డింగ్ డెక్ రాళ్లకూ మొద్దులకూ తట్టుకుంటుంది. గడ్డి అందంగా తెగడానికి మాత్రం అది అక్కర్లేదు. అచ్చు డెక్ గుండ్రటి లోపలి ఆకారం గాలిని బాగా తిప్పుతుంది, ఇంటి గడ్డికి కోత శుభ్రంగానే వస్తుంది. రాళ్లు లేని యార్డులో డెక్ మందం కోసం అదనంగా వెయ్యి డాలర్లు పెట్టొద్దు. బ్లేడు తిరిగే స్పిండిళ్లు మాత్రం చూడండి, వాటికి గ్రీజు నిపుల్ ఉంటే మంచిదే.

ఇంజిన్‌ను చివర్లో పెట్టాను. బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండేది దీని హార్స్‌పవరే కాబట్టి అందరూ దాన్నే చూస్తారు. ఈ అంకెలను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి రాశారని అమెరికాలో పెద్ద కేసు నడిచి, 2010లో రాజీతో ముగిసింది. ఎకరం కోయడానికి 18 అయినా 22 అయినా తేడా మీకు తెలియదు. సింగిల్ సిలిండరా, రెండు సిలిండర్లా అన్నది తెలుస్తుంది. రెండు సిలిండర్లది అదురు తక్కువగా, గొంతు మెత్తగా నడుస్తుంది. ఏ వరసదో కూడా అడగండి. కవాసకీలో ఎఫ్ఆర్ ఇళ్లకు, ఎఫ్ఎక్స్ కాంట్రాక్టర్లకు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్‌లో వాన్‌గార్డ్, కోలర్‌లో కమాండ్ ప్రో కాంట్రాక్టర్ రకాలు. ఏడాదికి 30 గంటలు కోసేవాళ్లకు ఇంటి రకం చాలు.

6. వారంటీలో గంటలు చదవండి

కంపెనీ తన బండిని ఎంత నమ్ముతుందో తెలుసుకోవడానికి ఇది మంచి దారి. జాన్ డియర్‌నే తీసుకోండి. 100 సిరీస్‌కు 2 ఏళ్లు లేదా 120 గంటలు. 200 సిరీస్‌కు 3 ఏళ్లు లేదా 200 గంటలు. ఎక్స్300కు 4 ఏళ్లు లేదా 300 గంటలు, ఎక్స్500కు 4 ఏళ్లు లేదా 500, ఎక్స్700కు 4 ఏళ్లు లేదా 700. రెండిట్లో ఏది ముందైతే అది. కొనేరోజు కాగితం మీద ఇదే ఉందో లేదో సరిచూసుకోండి.

ఇప్పుడు మొదట్లో రాసిపెట్టుకున్న అంకె బయటికి తీయండి. పదేళ్లకు 300 గంటలు, చదును నేల అయితే 100 సిరీస్ స్థాయి బండి తీసుకోండి, మిగిలిన డబ్బు దాచుకోండి. 300 గంటలే అయినా వాలు ఉంటే, లేదా తొట్టి లాగే పని ఉంటే ఎక్స్300 స్థాయికి వెళ్లండి. నాకు తగినది అదే. పదేళ్లకు 700 అయితే అంతకన్నా పైకి చూడాలి. మూడెకరాలు చదునుగా ఉంటే 54 అంగుళాల మధ్య రకం జీరో టర్న్ ఇంకా సరైనది, సగం టైమ్‌లో పని అయిపోతుంది. మిగతా కంపెనీల్లోనూ ఇలాంటి మెట్లే ఉంటాయి, పేర్లే వేరు.

ఇంకో సంగతి. పక్కింటివాళ్ల గడ్డి డబ్బు తీసుకుని కోస్తే ఇంటి వారంటీ వర్తించదు. కాలేజీకి వెళ్లే పిల్లలు వేసవిలో ఆ పని చేస్తామంటే ఇది గుర్తుంచుకోండి.

7. ఎక్కడ కొనాలి?

పెద్ద దుకాణంలో దొరికే 100 సిరీస్, డీలర్ దగ్గర దొరికే 100 సిరీస్ వేరువేరని మన వాళ్లు చాలామంది నమ్ముతారు. మోడల్ నంబరు ఒకటే అయితే బండి ఒకటే. తేడా వచ్చేది ఇచ్చేముందు చేసే సర్దుబాటులోనూ, తర్వాత రిపేరుకు ఎవరు దిక్కన్న దాంట్లోనూ. డీలర్ టైర్ల గాలి, డెక్ మట్టం, బోల్టులు చూసి ఇస్తాడు. పై రకాలు ఎక్కువగా వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

రెండు ప్రశ్నలు అడగండి. రిపేరుకు మీరే వచ్చి బండి తీసుకెళ్తారా, దానికెంత? మే నెలలో పాడైతే ఎన్ని వారాలకు ఇస్తారు? మనలో ఎక్కువమందికి పికప్ ట్రక్కు, ట్రైలరు ఉండవు, కాబట్టి మొదటి ప్రశ్న చాలా ముఖ్యం. జూన్‌లో మూడు వారాలు బండి లేకపోతే గడ్డి మోకాలిదాకా వస్తుంది, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం కూడా వస్తుంది. ఆ టెన్షన్ నేను పడ్డాను.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు దారి వేరు. 2021లో అక్కడ చేసిన చట్టం వల్ల 2024 నుంచి ఇలాంటి చిన్న పెట్రోలు ఇంజిన్లతో కొత్తగా తయారైన బండ్లు అమ్మడానికి వీల్లేదు, బ్యాటరీ రకాలే చూసుకోవాలి. వేరే చోట్ల కూడా ఎకరం చదును యార్డుకు లిథియం బ్యాటరీ మోవర్ మంచి ఎంపికే. నూనె, బెల్టుల గొడవ తగ్గుతుంది. ఒక ఛార్జికి మీ గడ్డి మొత్తం తెగుతుందా, బ్యాటరీ మార్చాల్సి వస్తే ఎంత, ఈ రెండూ అడిగి తీసుకోండి.

8. మధ్యే దారి: వాడిన మంచి బండి

నేను చివరికి తీసుకున్నది ఇదే. కొత్త చవక బండి ధరకు కాస్త అటూ ఇటూగా, ఐదేళ్లు వాడిన పై రకం బండి. డీలర్ దగ్గర ఎవరో మార్పిడికి ఇచ్చి వెళ్లినది. శ్రద్ధగా చూసి కొంటే డబ్బుకు ఇంతకన్నా మంచి విలువ దొరకదని నా నమ్మకం.

చూసేటప్పుడు ఇలా చేయండి. మీరు వచ్చేసరికి బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసి, మీరే స్టార్ట్ చేయండి. నీలం పొగ ఆగకుండా వస్తే నూనె కాలుతున్నట్టు. గంటల మీటరు చూడండి, సీటు, పెడల్ అరుగుదలతో పోల్చండి. 150 గంటలు చూపిస్తూ పెడల్ రబ్బరు నున్నగా అయిపోయి ఉంటే అనుమానించాల్సిందే. ఇంజిన్ ఆపి, తాళం తీసి, డెక్ కిందికి టార్చి వేయండి. తుప్పు పట్టి చిల్లులు పడిందా? మందపాటి గ్లవ్స్ వేసుకుని బ్లేడును పైకీ కిందికీ కదపండి, స్పిండిల్ లూజుగా ఉంటే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష చివర్లో చేయాలి. 25, 30 నిమిషాలు గడ్డి కోయండి, ఊరికే తిప్పడం కాదు. ట్రాన్స్‌మిషన్ బాగా వేడెక్కాక వాలు ఎక్కించండి. ముందూ వెనకా రెండువైపులా. చల్లగా ఉన్నప్పటి ఊపు వేడిలోనూ ఉంటే తీసుకోండి. మూలుగుతూ నెమ్మదిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. అమ్మేవాళ్లు అంతసేపు నడపడానికి ఒప్పుకోకపోయినా వచ్చేయండి.

9. చిన్న పిల్లలున్న ఇల్లయితే

ఈ మాట ధరతో సంబంధం లేనిది, అయినా రాయకుండా ఉండలేను. మన ఇళ్లలో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మోవర్ మీద ఒక రౌండు తిప్పడం, ఫోటో తీయడం చాలా చూస్తున్నాను. దయచేసి అస్సలు చేయకండి. ఒకసారి ఎక్కించుకున్న పిల్లలు తర్వాత మోవర్ చప్పుడు వినగానే దాని దగ్గరికి పరుగెత్తుకొస్తారు, మీరు వెనక్కి తీస్తుంటే మీకు కనిపించరు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది, రైడింగ్ మోవర్ నడపడానికి కనీసం 16 ఏళ్లు ఉండాలని. కోత జరుగుతున్నంతసేపు పిల్లలు ఇంట్లోనే ఉండాలి, వాళ్ల మీద పెద్దవాళ్ల కన్ను ఉండాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకూ ఇది ముందే చెప్పండి, మనవణ్ని ఎత్తుకుని బండి దగ్గరికి వచ్చేది ఎక్కువగా వాళ్లే.

రివర్స్‌లో బ్లేడు ఆగిపోయే ఏర్పాటు చాలా బండ్లలో ఉంటుంది, చిరాకుగా ఉందని దాన్ని తీసేయించొద్దు.

10. ఇంటికొచ్చిన రోజు

దుకాణం నుంచి నేరుగా వచ్చిన బండి టైర్లలో గాలి ఎక్కువగా ఉండటం మామూలే. లాన్ ట్రాక్టర్లకు తరచుగా ముందు 14, వెనక 10 పీఎస్ఐ ఉంటుంది, మీ మాన్యువల్ చూసి దించండి. గాలి సరిచేశాకే డెక్ మట్టం చూడాలి. ముందే చూస్తే అంతా తప్పు వస్తుంది. చదునైన గ్యారేజీ నేల మీద, తాళం తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, బ్లేడు కొన నుంచి నేలకు ఎంతుందో కొలవండి. ఎడమా కుడీ సమానంగా ఉండాలి. ముందు వైపు వెనకకన్నా కొద్దిగా, పావు అంగుళం దాకా కిందికి ఉండాలి. ఖరీదైన బండి కూడా మట్టం తప్పితే మెట్లుమెట్లుగా కోస్తుంది, చవక బండి కూడా మట్టం కుదిరితే తివాచీలా కోస్తుంది.

పెట్రోలులో ఇథనాల్ 10 శాతం దాటకూడదు. బంకులో 15 శాతం రకం, ఇథనాల్ ఇంకా చాలా ఎక్కువుండే ఇ85 పక్కనే ఉంటాయి, హోస్ తీసేముందు చదవండి. అక్టోబర్‌లో చివరి కోత అయ్యాక పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, పది నిమిషాలు ఇంజిన్ నడిపి అప్పుడు మూల పెట్టండి. నూనె మాన్యువల్‌లో చెప్పినన్ని గంటలకు, అన్ని గంటలు కాకపోయినా ఏడాదికోసారి మార్చండి.

కె46 లాంటి తేలిక ట్రాన్స్‌మిషన్ ఉన్న బండి కొని ఉంటే ఒక పని మాత్రం మరవొద్దు. దాని మీద చిన్న ఫ్యాను తిరుగుతూ చల్లబరుస్తుంటుంది. కోసిన గడ్డి చెత్త ఆ ఫ్యాను చుట్టూ, ట్రాన్స్‌మిషన్ పైనా దుప్పటిలా పేరుకుంటుంది. నాలుగు కోతలకోసారి, బండి చల్లారాక, వెనక నుంచి లీఫ్ బ్లోయర్‌తో ఊదేయండి. రెండు నిమిషాల పని. నా మొదటి బండిని రిపేరుకు విప్పినప్పుడు ఆ ఫ్యాను రెక్కలు కనిపించనంత ఎండుగడ్డి దాని మీద అట్టకట్టి ఉంది.